కొలత తెలిసిన మన సుబ్బారావు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లినా, జ్వరమంటే ముందు చేసేది సీబీపీ పరీక్షే. రక్తకణాలను యంత్రం నిమిషాల్లో లెక్కగడుతుంది. ఇలాంటి యంత్రాలు రాకముందే, బ్యాక్టీరియా పెరుగుదలను కొలబద్దగా చేసుకుని ఒక విటమిన్‌ను పట్టుకున్న బృందానికి సారథి మన తెలుగువాడే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలోనే చనిపోయారు. అదే జబ్బు తనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి బోస్టన్ చేరారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

అక్కడ ఫోలిక్ యాసిడ్ కోసం వేట మొదలైంది. లాక్టోబాసిల్లస్ కేసియై అనే బ్యాక్టీరియా ఈ విటమిన్ లేనిదే పెరగదు. కాలేయం నుంచి తీసిన సారం వేస్తే అది ఎంత పెరిగిందో, సారంలో విటమిన్ అంత ఉన్నట్టు లెక్క. 1945లో ఆ బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. సోదరులకు మాత్రం అందలేదు.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా ఆ బృందం చలవే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇస్తే కొందరికి తాత్కాలికంగా తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

ఇప్పుడు ఆ క్యాన్సర్ చికిత్స ఫలితాన్ని ఫ్లో సైటోమెట్రీతో చూస్తున్నారు. కణాలు వరుసగా లేజర్ కాంతిని దాటుతుంటే యంత్రం లెక్కిస్తుంది. బ్యాక్టీరియానూ ఇలా లెక్కించొచ్చు. అయితే మరీ వేగంగా పంపితే రెండు కణాలు ఒకటిగా లెక్కలోకి వస్తాయి. అందుకే నమూనాను పలుచన చేస్తారు. బ్యాక్టీరియా మరీ చిన్నవి కావడంతో దుమ్మునూ వాటిగా పొరబడే ప్రమాదముంది.

గుర్తుంచుకోండి: సీబీపీలో ప్లేట్‌లెట్లు గుంపుకట్టినా సంఖ్య తక్కువగా రావచ్చు. లక్షణాలకూ రిపోర్టుకూ పొంతన లేకపోతే స్లైడ్ మీద మరోసారి చూడాలేమో డాక్టర్‌ను అడగండి. గర్భం దాల్చాలనుకునే మహిళలు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ గురించి డాక్టర్‌తో మాట్లాడటం మేలు.