పసివాని ప్రశ్న, బ్రౌన్ దొర జీవితం

ప్రభువు ఒక చిన్నబిడ్డను శిష్యుల మధ్య నిలువబెట్టిన సంగతి మనందరికీ తెలుసు. బిడ్డ దగ్గర పెద్దలు నేర్చుకోవలసిందేమిటని అడిగితే, అమాయకత్వం అని చెప్పి ఊరుకుంటాం. బిడ్డకు మరో గుణం కూడా ఉంది. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొని, సిగ్గుపడకుండా ఎవరినైనా అడుగుతుంది. ఈ గుణం ఒక మనిషిలో పెద్దయ్యాక కూడా నిలిస్తే ఎంత మేలు జరుగుతుందో మన కడప జిల్లా చూసింది. ఆ మనిషి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ దైవసేవకుడు. కొడుకుకు చిన్ననాడే హీబ్రూ, అరబ్బీ, పారసీ భాషలు చెప్పించారు. 1812లో ఆ తండ్రి కన్నుమూశారు. 1817లో కంపెనీ కొలువు కోసం మద్రాసు చేరేనాటికి చార్లెస్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలతో మొదలుపెట్టారు.

1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడప వచ్చారు. అధికారం చేతిలో ఉన్న దొరకు దుబాసీ ఉంటే పని జరిగిపోతుంది. ఆయన అలా సరిపెట్టుకోలేదు. ఉద్యోగం చేస్తూనే విద్యార్థిగా మిగిలారు. మరుసటి ఏడే కడపలో రెండు ఉచిత పాఠశాలలు తెరిచారు. ఊళ్లో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, తాళపత్రాలు తెప్పించి, ప్రతులు రాయించి, పాఠాలు సరిచూశారు.

వేమన పద్యాలు జనం నోట ఉన్నా, పండితులు చాలామంది వాటిని లెక్కచేయలేదు. ఎవరు మెచ్చుకుంటారో చూసి ఇష్టపడటం పిల్లలకు తెలియదు. బ్రౌన్ కూడా అంతే. 1829లో ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించారు.

1832-33లో గుంటూరు సీమను నందన కరువు పట్టింది. ప్రభుత్వానికి కొరత అన్న మెత్తని మాట ఇష్టం. బ్రౌన్ మాత్రం కరువును కరువనే రాశారు. కళ్లెదుట జనం ఆకలితో చస్తుంటే పసివాడు మరో పేరు వెతకడు.

1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులోని క్రైస్తవ విజ్ఞాన సంఘం అచ్చుకూటంలో వెలువడింది. అందులో కావ్యాల మాటల పక్కనే సామాన్యుల వాడుక మాటలకూ చోటు దొరికింది. ఆరోగ్యం చెడి 1855లో ఇంగ్లండు వెళ్లిపోయినా తెలుగును విడువలేదు. లండన్‌లో తెలుగు ఆచార్యుడిగా పనిచేసి, 1884 డిసెంబరు 12న మరణించారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

ప్రియ పాఠకులారా, వీరపునాయునిపల్లె, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎక్కడ చూసినా సండేస్కూల్ పిల్లలు చేయెత్తి అడుగుతూనే ఉంటారు. మనకు కాపరి, పెద్ద, తండ్రి అనే పేరు రాగానే చేయి దిగిపోతుంది. తెలియదని చెబితే గౌరవం పోతుందని భయం. దొర అయివుండి ఓనమాలు దిద్దిన బ్రౌన్‌కు గౌరవం తగ్గలేదు, రెండు వందల ఏళ్లయినా నిలిచింది. ఈ ఆదివారం ఒక బిడ్డ ప్రశ్న వేస్తే కసురుకోకండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ఆ బిడ్డతో కలిసి వెతకండి.