ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు – చీరాల పౌరులు

పౌరుడనగా పురమునందు వసించువాడని పదమునకు అర్థము. పన్ను చెల్లించినంత మాత్రమున మానవుడు పౌరుడగునా? పురమును విడిచినచో వాని పౌరత్వము నశించునా? ఈ ప్రశ్నలు గ్రంథములయందుగాక ఇంటింటి గడపయందు విచారింపబడిన ఊరు చీరాల. ఆ విచారణకు నాయకులు శ్రీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

వీరు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులిరువురును గతించుటచే బంధువుల పోషణమున కూచినపూడియందును గుంటూరునందును పెరిగిరి. 1911లో సముద్రము దాటి ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో గూడి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున కనువదింపగా, అది 1917లో అమెరికాయందు అచ్చయ్యెను. స్వదేశమునకు మరలివచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయులుగా నుండి, పిమ్మట చీరాలను తమ కార్యక్షేత్రముగా జేసికొనిరి.

ఆనాడు బ్రిటిషు ఇండియాలో పుట్టినవాడు చట్టము దృష్టిలో చక్రవర్తికి ప్రజయే గాని, నేటి యర్థమున పౌరుడు కాడు. ఆస్తియు పన్నును గల కొలదిమందికే ఓటుండెను. శిస్తు కట్టుట, శాసనమునకు లోబడుట మొదలగు విధులు అందరివి. ఆ శిస్తును నిర్ణయించు అధికారము మాత్రము మరియొకరిది.

చీరాల, పేరాల గ్రామములు అప్పుడు గుంటూరు జిల్లాలోనివి. అవి 1970లో ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును చెందినవి. నేతపనివారు, చిన్న రైతులు, కూలివారు అచటి జనులు. యూనియనుగా నున్న దినములలో సాలుకు పన్ను సుమారు 4,000 రూపాయలు. మదరాసు ప్రభుత్వము ఆ గ్రామములను గలిపి మునిసిపాలిటీగా జేయగా, అది ఇంచుమించు 40,000 రూపాయలకు పెరుగునట్లయ్యెను. సుమారు 15,000 జనాభాకు లెక్కవేసిన, తలకు నాలుగణాల పైచిల్లరగా నున్న భారము రెండు రూపాయల పదణాలకు మించెను. మగ్గముమీద బ్రతుకు సంసారమున కది చిన్న మొత్తము కాదు.

ప్రజలు మహజర్లు పంపిరి, ఫలము లేకపోయెను. ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. పన్ను నిరాకరించిన పండ్రెండుగురు చెరసాలకేగిరి. వారిలో ఒక స్త్రీయు గలదు.

1921వ సంవత్సరమున మహాత్మాగాంధి చీరాలకు వచ్చినపుడు గోపాలకృష్ణయ్యగారు కర్తవ్యమును గూర్చి వారితో ఆలోచించిరి. మార్గములు రెండు తోచెను. ఊరిలోనే యుండి పన్ను నిరాకరించి, హింసకు దిగక శిక్షల ననుభవించుట యొకటి. ఊరినే విడుచుట రెండవది. మునిసిపాలిటీ అధికారము దాని యెల్లవరకే. ఎల్ల దాటినవాడు దాని పన్నుకు బద్ధుడు కాడు. గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గము నెంచుకొనిరి.

మండువేసవిలో పదుమూడు వేలమందికి పైగా జనులు, తాతతండ్రుల నాటి యిండ్లను వీడి, ముసలివారితో, పసిపిల్లలతో, మగ్గములతో, పశువులతో పొలిమేర దాటిరి. పాకలు వేసికొని ఆ చోటునకు రామనగరమని పేరిడిరి. వివిధ కులములవారు తమ ప్రతినిధుల నెన్నుకొని సభ నేర్పరచుకొనిరి; తగవులు తమలో తామే తీర్చుకొనిరి. గోపాలకృష్ణయ్యగారు కూర్చిన రామదండు క్రమశిక్షణతో జనసేవ చేసెను. సర్కారు పటములో లేని ఆ పాకల యూరియందు, పటములోని పురమున దొరకని హక్కు వారికి లభించెను. తమ వ్యవహారము తామే నిర్ణయించుకొనుటయే ఆ హక్కు.

పదునొకండు నెలలు ఎండ, వాన, చలి యనుభవించిరి. ఇంతలో గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ప్రసంగించిన కారణమున నిర్బంధితులై, ఏడాది శిక్షకు తిరుచిరాపల్లి చెరసాలకు పంపబడిరి. నాయకుడు దూరమయ్యెను, ధనము కరవయ్యెను, పాకలు శిథిలములయ్యెను. తుదకు జనులు తమ యిండ్లకు మరలిరి. మునిసిపాలిటీ నిలిచెను. ఈ సత్యమును మరుగుపరచుట ఆ ప్రజల త్యాగమునకు గౌరవము కాదు. వారు కోరినది ఆనాడు నెరవేరలేదు. కాని ప్రజల సమ్మతి లేని పురము ఖాళీ యిండ్ల వరుస మాత్రమే యని ప్రభుత్వమునకు కన్నులార చూపిరి.

గోపాలకృష్ణయ్యగారు బీదతనముతోను క్షయవ్యాధితోను కృశించి, 1928 జూన్ 10వ తేదీన ముప్పది తొమ్మిదవ యేట కీర్తిశేషులైరి. తమ జీవితకాలమున వారు ఏ స్వతంత్ర దేశమునకును పౌరులు కాలేదు.

వారు గతించిన యిరువదియొక యేండ్లకు, 1949 నవంబరు 26వ తేదీన, భారత రాజ్యాంగములోని పౌరసత్వ నిబంధనలు అమలులోనికి వచ్చెను. 1955 నాటి చట్టము పుట్టుకచేతను, వంశముచేతను, నమోదుచేతను, చిరకాల నివాసముపై పొందు అనుమతిచేతను, క్రొత్తగా దేశమున చేరిన భూభాగముచేతను పౌరసత్వము కలుగు విధములను తెల్పెను. తానై త్యజించినను, కోరి పరదేశ పౌరసత్వము గైకొన్నను అది పోవును. కొన్ని సందర్భములలో ప్రభుత్వమును దానిని తీసివేయగలదు. ఊరు మారినంతమాత్రమున పోదు. ఆస్తితో నిమిత్తము లేక మొదట 21 ఏండ్లకును, 1989 నుండి 18 ఏండ్లకును ఓటు లభించెను.

చట్టము చెప్పునది పౌరసత్వము వచ్చు దారియు, పోవు దారియు. దానిని నిలుపుకొను దారి చీరాల జనులు చూపిరి. పన్ను లెక్క అడుగుట, సభలో కూర్చుండి తీర్మానించుట, నష్టమును పంచుకొనుట అందలి మెట్లు. గ్రామసభకు పిలుపు వచ్చిననాడు ఇంట కూర్చుండువాడు, ఆ జనులు పాకలలో నిలిచి కోరిన హక్కును చేజేతుల జారవిడుచుకొనుచున్నాడని గుర్తెరుగవలెను.