వార్తల బడిలో ఆంగ్లం నేర్చిన చింతామణి

విజయనగరం పేరు వినగానే తెలుగువారికి గురజాడ అప్పారావు గారి నాటకం, ద్వారం వేంకటస్వామి నాయుడు గారి వాయులీనం, కోడి రామమూర్తి గారి కండబలం జ్ఞప్తికి వస్తాయి. అదే పట్టణంలో 1880వ సంవత్సరం ఏప్రిల్ 10వ తేదీన జన్మించి, యౌవనంలోనే ఉత్తరదేశానికి తరలివెళ్లి, అలహాబాదు నగరంలో ఒక ఆంగ్ల దినపత్రికకు సంపాదకుడై, దేశమంతటా పేరు మోసిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి గారిని మాత్రం మనం తరచుగా స్మరించము. ఒక కాలంలో ఆయన సంపాదకీయాన్ని చదవనిదే ప్రభుత్వ కార్యదర్శులకు గాని, కాంగ్రెసు నాయకులకు గాని ఆ ప్రాంతంలో దినచర్య మొదలయ్యేది కాదంటే అతిశయోక్తి కాదు. అంతటి ఆంగ్ల రచయితకు విశ్వవిద్యాలయ పట్టం లేదు. మన కళాశాలలో ఆంగ్ల ప్రశ్నపత్రం పేరు చెప్పగానే గుండె దడ పుట్టే విద్యార్థులు అధికం కనుక ఈ సంచికలో ఆయన జీవితాన్ని చెప్పబూనుకొన్నాను.

చింతామణి గారిది వేదవిద్యకు నిలయమైన కుటుంబం. ఇంటిలో వినిపించేది సంస్కృతం, వీధిలో తెలుగు. ఆంగ్లం మూడవ భాష. దానిని విజయనగరం మహారాజా వారి కళాశాలలో అందరివలెనే నేర్చుకొన్నారు. అయితే పాఠ్యపుస్తకాలకంటె వార్తాపత్రికలపైన, ప్రజాజీవితంపైన ఆయనకు చిన్ననాటినుంచీ మక్కువ హెచ్చు. ఆ కాలం కూడా అటువంటిదే. 1885లో కాంగ్రెసు పుట్టింది. 1894లో ఆ మహాసభ మద్రాసులో జరిగేనాటికి ఈ బాలునికి పద్నాలుగేళ్లు. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించింది. 1896–97 సంవత్సరాలలో దేశంలో అనేక ప్రాంతాలతోపాటు విశాఖపట్నం, గంజాం మండలాలు కరువు వాతబడ్డాయి. 1897లో తిలక్ మహాశయునిపై రాజద్రోహ నేరం మోపి పద్దెనిమిది నెలల కారాగార శిక్ష విధించారు.

ఆనాటి ఆంగ్ల పత్రికలను చేతబట్టిన పదహారు, పదిహేడేళ్ల విద్యార్థిని ఊహించుకోండి. కరువు పనులకు, గంజి కేంద్రాలకు, శిస్తు రెమిషనుకు, జ్యూరీకి, సెడిషనుకు సంబంధించిన మాటలన్నీ అతని కంటబడి ఉంటాయి. ఆ మాటలకు నిఘంటువు అవసరం అంతగా ఉండదు. కరువు అతని ఊరి పొలిమేరలోనే ఉన్నది. తిలక్ విచారణ గురించి రచ్చబండమీద తెలుగులోనే వాదప్రతివాదాలు జరుగుతున్నవి. విషయం ముందే తెలిసినవానికి మాట దానంతటదే అర్థమవుతుంది. ఒకే మాట సోమవారం ఒక తీరుగా, గురువారం మరొక తీరుగా కనబడి, మూడవ వారానికి తన సొంతమవుతుంది. పాఠ్యపుస్తకంలో ఆ మాట ఒక్కసారి వచ్చి, పరీక్ష ముగియగానే వెళ్లిపోతుంది.

ఇక్కడ కన్యాశుల్కం ప్రస్తావన తప్పదు. అప్పారావు గారు అదే మహారాజా వారి కళాశాలలో ఉపన్యాసకులుగా పనిచేసినవారు. ఆయన నాటకంలోని గిరీశాన్ని ఎరుగని తెలుగువాడు ఉండడు. శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకొని అగ్రహారానికి వెళ్లిన గిరీశం, ఇంటివారి ముచ్చట తీర్చడానికి అతనితో ఆంగ్లంలో సంభాషణ నడుపుతాడు. ఆ సంభాషణలో ఒక వాక్యానికి, మరొక వాక్యానికి పొంతన ఉండదు. చిన్నపిల్లల పద్యం ఒకటి, వాచకంలోని వాక్యం ఒకటి, పక్కపక్కన పేర్చి వల్లించడమే. వినేవారు మాత్రం పరవశులవుతారు. మనం నవ్వుకొంటాము. కాని ఆ నవ్వులో కొంత మనకూ తగులుతుంది. గైడులోని వ్యాసాన్ని కంఠస్థం చేసి పరీక్షలో ఒలకబోసే మన పద్ధతికీ, ఆ అగ్రహారపు సంభాషణకూ భేదమెంత? గిరీశానికి ఆంగ్లంలో చెప్పవలసిన విషయమేదీ లేదు. చింతామణికి చెప్పవలసినది కొండంత ఉన్నది. ఒకే పట్టణం, ఒకే దశాబ్దం ఈ రెండు రకాల ఆంగ్లాన్నీ కన్నవి.

పద్దెనిమిదవ ఏట చింతామణి గారు విశాఖపట్నంలోని వైజాగ్ స్పెక్టేటర్ అనే పత్రికకు సంపాదకులైనారు. తరువాత ఆ పత్రికను తామే కొని, విజయనగరానికి మార్చి, ఇండియన్ హెరాల్డ్ అని నామకరణం చేశారు. సంపాదకుడు, విలేఖరి, నిర్వాహకుడు అన్నీ తామే. చిన్న పట్టణపు పత్రిక ఆ రోజులలో ఎట్లా నడిచేదో తెలిస్తే అది ఎంతటి భాషాభ్యాసమో బోధపడుతుంది. మద్రాసు, కలకత్తా, బొంబాయి పత్రికలు టపాలో వచ్చేవి. వాటిలోని మూడు కాలముల వార్తను పదిహేను పంక్తులకు కుదించాలి. సారం పోకూడదు. దానిపై తన అభిప్రాయాన్ని వేరుగా వ్రాయాలి. అచ్చుప్రతిలో తప్పులు తానే దిద్దాలి. మన తరగతులలో ప్రెసీ రైటింగ్ అని ఏడాదికి నాలుగుసార్లు చేయించే పనిని ఆ యువకుడు వారంవారం, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడి ఉండగా చేశాడు. ఆ పత్రిక ఎక్కువకాలం నిలువలేదు. నేర్పవలసినది నేర్పి మూతబడింది.

తరువాత ఆయన మద్రాసు చేరి జి. సుబ్రహ్మణ్య అయ్యరు గారి వద్ద మద్రాస్ స్టాండర్డ్ పత్రికలో పనిచేశారు. ఈ అయ్యరు గారు స్వయంగా బడిపంతులు. 1878లో హిందూ పత్రికను స్థాపించిన ఆరుగురు యువకులలో ఒకరు. ఉపాధ్యాయుడు పత్రికాధిపతి కావడం, ఆ పత్రికా కార్యాలయం మరొక యువకునికి పాఠశాల కావడం గమనించదగిన విషయం. 1901లో, ఇరవై ఒక్క సంవత్సరాల వయస్సులో, చింతామణి గారు భారతదేశంలోని సంఘసంస్కరణోద్యమంపై వచ్చిన వ్యాసాలను, ఉపన్యాసాలను సేకరించి ఇండియన్ సోషల్ రిఫార్మ్ అనే పెద్ద సంపుటాన్ని ప్రకటించారు. 1905లో ఫిరోజ్‌షా మెహతా గారి ప్రసంగాలను, రచనలను సంకలనం చేశారు. సంకలనం చేసేవాడు ప్రతి వాక్యాన్నీ పలుమార్లు చదవక తప్పదు. తమ తరంలోని మేటి వక్తల ఆంగ్లం ఆ విధంగా ఆయన చేతిమీదుగా నడిచింది.

మన ప్రాంతపు పాఠకులకు ఒక మాట చెప్పి ముందుకు సాగుతాను. తనది కాని భాషను పత్రికద్వారా వశం చేసుకొన్నవారు ఆంగ్లంలోనే కాదు, ఉర్దూలోనూ ఉన్నారు. మన మధిర తాలూకా నిజాం ఏలుబడిలో ఉన్న రోజులలో, పొరుగున ఉన్న నందిగామ తాలూకాలో పుట్టిన మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదు చేరి ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికలో రచనలు చేశారు. మందుముల నరసింగరావు గారు రయ్యత్ అనే ఉర్దూ పత్రికనే నడిపారు. తెలుగు ఇంటిలో పుట్టినవారి ఉర్దూను అక్షరమక్షరం చదివి మెచ్చుకొన్న ఉర్దూ పాఠకులు ఈ రాజ్యంలో ఉండేవారు. మన కళాశాలలో ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు పరస్పరం పత్రికలు మార్చుకొని చదివితే ఆంగ్లానికి ముందే ఒక భాష కలిసివస్తుంది.

చింతామణి గారు మద్రాసునుంచి అలహాబాదు చేరి, సచ్చిదానంద సిన్హా గారి ఇండియన్ పీపుల్ పత్రికలో కొంతకాలం పనిచేశారు. 1909 అక్టోబరు 24వ తేదీన మదనమోహన మాలవీయ గారి ప్రేరణతో లీడర్ దినపత్రిక వెలువడింది. పాలకమండలికి తొలి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. ఇండియన్ పీపుల్ అందులో విలీనమైనది. మొదట నగేంద్రనాథ గుప్తా గారితో కలిసి, అనంతరం తాము ఒక్కరే చింతామణి గారు దాని సంపాదకత్వం వహించారు. విచిత్రమేమంటే నేడు మనం చదివే విస్తృతమైన కన్యాశుల్కం రెండవ కూర్పు కూడా ఆ 1909లోనే వెలువడింది.

లీడర్ పుటలలో ఆయన శైలి ఎటువంటిది? వాక్యాలు దీర్ఘమైనవి. అలంకారాలు తక్కువ. అంకెలు, తేదీలు, చట్టాల సెక్షన్లు, ఎవరు ఏ సభలో ఏమన్నారో ఆ వివరాలు మెండు. ఆయన జ్ఞాపకశక్తికి ప్రత్యర్థులు సైతం జంకేవారు. సుకుమారమైన ఆంగ్లం కోరేవారికి అది రుచించకపోవచ్చు. నాకు మాత్రం అందులో ఒక గుణం కనిపిస్తుంది. ఖాళీ మాట ఒక్కటీ ఉండదు. వార్తలనుంచి భాష నేర్చినవానికి అబ్బే గుణమది. ప్రతి వాక్యం వెనుక జరిగిన సంగతి ఒకటి నిలబడి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. పత్రికా భాషలో ఉచ్చులున్నవి. ఆంగ్ల పత్రిక శీర్షికలో ఆర్టికల్సు రాలిపోతాయి. నిన్న జరిగినదానికి వర్తమానకాలం వాడతారు. సహాయక క్రియలు మాయమవుతాయి. స్థలం చాలక చేసిన ఆ సర్దుబాటును మన విద్యార్థి వ్యాకరణమనుకొని జవాబుపత్రంలో వ్రాస్తే మార్కులు పోతాయి. శీర్షికను విడిచి మొదటి పేరాకు వెళ్లాలి. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్నలకు విలేఖరి అక్కడే సమాధానం చెప్పి ఉంటాడు. అక్షరాలే కుదురుకోని మొదటి తరగతులవారికి ఈ పద్ధతి పనికిరాదన్నది కూడా ఒప్పుకోవలసినదే.

2024 సెప్టెంబరు 1వ తేదీన ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలను ముంచెత్తిన సంగతి మనలో ఎవరికి తెలియదు? అదే వానకు కేసముద్రం సమీపంలో ఇంటికన్నె దగ్గర పట్టాలకింది మట్టి కొట్టుకొనిపోయి, మన బోనకల్ మీదుగా నడిచే రైళ్లు ఆగిపోయినవి. ఆ వార్తను ఆంగ్ల పత్రికలో చదివించి చూడండి. బ్రీచ్, ఇనన్‌డేటెడ్, బాలస్ట్, రిస్టోరేషన్ అన్న మాటలను ఏ వాచకమైనా ఇంత సులభంగా నేర్పగలదా? నీరు ఎంతవరకు వచ్చిందో విద్యార్థికి కళ్లారా తెలుసు. విలేఖరి పొరపాటు వ్రాస్తే పట్టుకోగలడు కూడా. తనకంటె అచ్చుపుటకు ఎక్కువ తెలుసుననే భయం అక్కడ సడలుతుంది. ఆంగ్లం విషయంలో మన పిల్లలను అణచివేస్తున్నది వ్యాకరణంకంటె ఆ భయమే. చేతిలోని ఫోనులో నేడు ఏ దేశపు పత్రికైనా వస్తున్నది. అయితే పదిమంది ఒక బల్లచుట్టూ కూర్చొని ఒకే కాగితాన్ని చదివి తర్కించే అవకాశం అందులో లేదు. పఠనమందిరంలోని పాత ఆంగ్ల పత్రికలను తూకానికి వేయక, నెలవారీ ఫైలుగా కుట్టించి ఉంచే విషయం కళాశాల కమిటీ పెద్దలు పరిశీలించవలెనని మనవి. ఒక వరద వార్త మొదటినాటినుంచి నష్టపరిహారం నాటివరకు వరుసగా దొరికితే అదే ఒక వాచకం.

తిరిగి చింతామణి గారి వద్దకు వద్దాము. రాజకీయాలలో ఆయన మితవాది. 1918 తరువాత కాంగ్రెసుతో తెగిపోయి లిబరల్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరైనారు. 1920లోను, 1931లోను దానికి అధ్యక్షత వహించారు. లీడర్ ధోరణితో పొసగక మోతీలాల్ నెహ్రూ 1919లో ఇండిపెండెంట్ అనే వేరొక పత్రికను ఆరంభించారు. సహాయ నిరాకరణోద్యమాన్ని చింతామణి గారు సమర్థించలేదు. ఆ విషయంలో జనం ఆయన వెంట నడవలేదు. ఆయన మాత్రం మాట మార్చలేదు.

1921లో ఆయన సంయుక్త రాష్ట్రాలలో విద్యాశాఖ మంత్రి అయినారు. పట్టభద్రుడు కానివాడు విశ్వవిద్యాలయాలకు పెద్దదిక్కైనాడు. హైస్కూలు, ఇంటర్మీడియట్ పరీక్షలకు ప్రత్యేక బోర్డును ఏర్పరచిన 1921వ సంవత్సరపు చట్టం ఆయన హయాములోనిదే. లక్షలాది విద్యార్థులు నేటికీ ఆ బోర్డు పరీక్షలే వ్రాస్తున్నారు. 1923లో గవర్నరుతో అభిప్రాయభేదం వచ్చి, సహచర మంత్రి జగత్ నారాయణ్ గారితోపాటు రాజీనామా ఇచ్చి, మరల లీడర్ కార్యాలయంలోని తమ కుర్చీకి చేరుకొన్నారు. పదవి పోయినందుకు చింతించిన దాఖలా లేదు. 1930లో లండనులో జరిగిన మొదటి రౌండు టేబులు సమావేశానికి ప్రతినిధిగా వెళ్లారు. 1939లో సర్ బిరుదు లభించింది.

చివరి సంవత్సరాలలో తెలుగునేల ఆయనను పిలిచింది. 1857 తిరుగుబాటు అనంతర భారత రాజకీయాలను గూర్చి ఆయన చెప్పిన ఉపన్యాసాలను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1937లో వాల్తేరునుంచి ఆంగ్ల గ్రంథంగా ప్రకటించింది. పద్దెనిమిదేళ్ల కుర్రవానిగా ఆయన తొలి సంపాదకీయాలు వ్రాసిన విశాఖపట్నానికి, ఈ గ్రంథం అచ్చయిన వాల్తేరుకు మధ్య దూరం నడిచి పోగలిగినంతే. 1941 జులై 1వ తేదీన ఆయన కన్నుమూశారు. కుమారుడు బాలకృష్ణారావు ఐ.సి.యస్. ఉద్యోగి అయినారు, హిందీలో కవిత్వం వ్రాసి కీర్తి గడించారు.