కొమురం భీమ్

కొమురం భీమ్ (1901 – 1940) హైదరాబాదు సంస్థానంలో అడవిపై ఆదివాసులకు గల ఉమ్మడి హక్కుల కోసం పోరాడిన గోండు నాయకుడు. పశువుల మేత, వంటచెరకు, పోడు సేద్యం విషయాలలో నిజాం ప్రభుత్వం విధించిన నిబంధనలను, పన్నులను ఎదిరించి, అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో మరణించాడు. జల్, జంగల్, జమీన్ (నీరు, అడవి, భూమి) అనే నినాదం అతని పేరుతో ముడిపడి ఉన్నది.

నేపథ్యం

గోదావరికి దక్షిణాన జగిత్యాల, కోరుట్ల, మల్లాపూర్ వంటి మైదాన ప్రాంతాలు, ఉత్తరాన ఆదిలాబాదు అడవులు ఆనాడు ఒకే సంస్థానంలో ఉండేవి. తెలంగాణ మైదాన గ్రామాలలో ఊరి పశువుల మేతకు వదలిన భూమిని బంచరాయి అంటారు. ఇటువంటి భూమి గ్రామ లెక్కలలో నమోదై ఉండేది. అడవిలోని గోండు, కోలాం గూడేలకు మాత్రం చుట్టూ ఉన్న అడవే మేతభూమి. దానికి కాగితం లేదు, ఆచారమే ఆధారం. కొన్నేళ్ళు దున్నిన చేనును బీడుగా వదలి వేరొక చోట సేద్యం చేయడం, నేల తిరిగి సారవంతమైన తరువాత పాత చేనుకు రావడం వారి పద్ధతి.

1326 ఫసలీ (1917) నాటి హైదరాబాదు అటవీ చట్టం తరువాత రిజర్వు అడవుల హద్దులు నిర్ణయించే పని విస్తరించింది. ఆ సమయంలో బీడుగా ఉన్న గోండుల చేలు అనేకం అడవిగా లెక్కకు వచ్చాయి. హద్దు లోపల దున్నడం నేరమయింది. పశువులను మేపినందుకు బంబ్రం అనే పన్ను కట్టవలసి వచ్చింది. 1920ల చివరలో కాజీపేట – బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక బయటి నుండి వచ్చే వ్యాపారులు, సేద్యగాళ్ళు పెరిగారు. చదువు తెలిసిన వారు పట్టాలు పొందగా, తరతరాలుగా దున్నుతున్న గోండులు తమ సొంత నేలపైనే కౌలుదారులయ్యారు.

బాల్యం, యౌవనం

భీమ్ ఆసిఫాబాదు సమీపంలోని సంకేపల్లిలో జన్మించాడు. జన్మ సంవత్సరం 1900 అని కొందరు వ్రాశారు. తండ్రి పేరు చిన్నూ. అతని తొలి జీవితం గురించిన వివరాలు ఎక్కువగా గోండుల మౌఖిక కథనాల నుండి వచ్చినవి. అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన నవల ద్వారా ఇవి తెలుగు పాఠకులకు బాగా పరిచయమయ్యాయి. ఈ కథనాల ప్రకారం తండ్రి మరణానంతరం కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడ తాము సాగుచేసిన పంటను, భూమిని ఆక్రమించ వచ్చిన సిద్ధిఖీ అనే వ్యక్తి భీమ్ చేతిలో మరణించాడు. భీమ్ చాందా (నేటి చంద్రపూర్) పారిపోయి, ఒక ముద్రణాలయంలో పని చేస్తూ చదవడం, వ్రాయడం నేర్చుకున్నాడు. తరువాత అస్సాం తేయాకు తోటలలో కొన్నేళ్ళు కూలిగా గడిపి తిరిగి వచ్చాడు.

పోరాటం

భీమ్, అతని అనుచరులు బాబేఝరి, జోడేఘాట్ పరిసరాల కొండలపై అడవి కొట్టి చేలు వేశారు. అటవీ సిబ్బంది వాటిని ఆక్రమణలుగా పరిగణించి ఖాళీ చేయమన్నారు. భీమ్ మొదట అధికారులకు విన్నపాలు చేశాడు, హైదరాబాదు వెళ్ళి మొర పెట్టుకొనుటకు కూడా ప్రయత్నించాడు. ఫలితం కలుగలేదు. ఆ తరువాతనే అతడు ఆయుధం పట్టాడు. జోడేఘాట్ కేంద్రంగా పన్నెండు గూడేల గోండులు, కోలాములు అతని వెంట నిలిచారు. అధికారులు కొందరికి పట్టాలు ఇవ్వజూపినా భీమ్ సమ్మతించలేదని చెబుతారు. విడివిడి పట్టాలు కాక, ఆ గూడేల అడవిపై, భూమిపై స్వయం పాలన కావాలన్నది అతని కోరిక.

మరణం

1940లో సాయుధ పోలీసులు జోడేఘాట్ కొండను ముట్టడించి కాల్పులు జరిపారు. భీమ్‌తో పాటు అతని అనుచరులు కొందరు మరణించారు. ఈ ఘటన సెప్టెంబరు 1న జరిగిందని కొన్ని రచనలు, అక్టోబరు 27న అని మరికొన్ని పేర్కొంటున్నాయి. గోండులు ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో అతని వర్ధంతి జరుపుతారు.

తదనంతర పరిణామాలు

ఈ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల పరిశీలనను ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌కు అప్పగించింది. అటవీ హద్దుల నిర్ణయంలో గోండులు భూమి కోల్పోయిన తీరును ఆయన వివరించాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమయింది. 1356 ఫసలీ (1946)లో గిరిజన ప్రాంతాల నిబంధనలు వెలువడ్డాయి. అనేక కుటుంబాలకు పట్టాలు లభించాయి.

అడవిని రాజు సొత్తుగా భావించే నియమానికి, ప్రజల వాడుక హక్కుకు మధ్య వివాదం ఇతర దేశాలలోనూ ఉన్నది. ఇంగ్లండులో 1217 నాటి అటవీ శాసనం రాజు అడవులలో పశువులను మేపుకొనే హక్కును స్వతంత్ర పౌరులకు గుర్తించింది. భారతదేశంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగు భూమిపై వ్యక్తిగత హక్కులతో పాటు మేత, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై సామూహిక హక్కులను కూడా గుర్తించింది. ఆ హక్కుల నిర్ధారణను ప్రారంభించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాదులో మొదలైన పోడు పట్టాల పంపిణీ సుమారు 4 లక్షల ఎకరాలకు సంబంధించినది. అయితే ఇవి వ్యక్తిగత పట్టాలు. భీమ్ కోరిన ఉమ్మడి హక్కు దీనికి భిన్నమైనది.

స్మారకాలు

- అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో భీమ్ జీవితంపై చలనచిత్రం వచ్చింది.
- 2012లో హైదరాబాదు ట్యాంకుబండుపై అతని విగ్రహాన్ని నెలకొల్పారు.
- 2016లో జోడేఘాట్‌లో స్మారక మ్యూజియం ప్రారంభమయింది. అదే సంవత్సరం ఆసిఫాబాదు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అతని పేరు పెట్టారు.