ఎల్లాప్రగడ సుబ్బారావు: మందుబిళ్ల వెనుక మనిషి



మన దౌల్తాబాద్ వంటి పల్లెల్లో గర్భిణీ తల్లులకు ఐరన్‌తో కలిపి ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. బోదకాలు రాకుండా తెలుగు పల్లెల్లో ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రలు పంచారు. ఈ రెండు మందుల వెనుకా ఉన్నది ఒక తెలుగువాడే. మందు మన ఇంటికి చేరింది గాని ఆయన పేరు చాలామందికి చేరలేదు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి పోయారు, ఇంట్లో పేదరికం. మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. సన్యాసిగా రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. అందుకే మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జీర్ణవ్యాధికి బలయ్యారు. ఆ దుఃఖం ఆయనను పరిశోధన వైపు నడిపింది.

కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1920 దశకం తొలినాళ్లలో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1929లో వారిద్దరూ కండరంలో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు. మనం తిన్న జొన్నరొట్టె, కందిపప్పు నుండి వచ్చే శక్తిని కణం ఈ ఏ.టి.పి. రూపంలోనే ఖర్చుపెట్టుకుంటుంది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన ఒక్క శాస్త్రానికే పరిమితం కాలేదు. రసాయన, జీవ, వైద్య శాస్త్రజ్ఞులను ఒక్కచోట పనిచేయించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు కూడా అది మందుగా పనిచేసింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకదానిని రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీసిన బెంజమిన్ డగ్గర్ కూడా ఆయన సారథ్యంలో పనిచేసినవారే.

ఈ కృషికి మూల్యం ఆయన ఒక్కరే చెల్లించలేదు. ఆయన మళ్లీ స్వదేశం చేరలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. తండ్రి ముఖం చూడకుండానే కొడుకు పసితనంలో కన్నుమూశాడు. సుబ్బారావును స్మరించేటప్పుడు ఆ తల్లిని మరచిపోవడం న్యాయం కాదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ల విడుదల చేసింది.

పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంట్లో ఉంటే, వాడిని పనికిరానివాడని అనేముందు ఈ భీమవరం కుర్రవాణ్ణి ఒక్కసారి గుర్తుచేసుకోండి.