బడి పంతులు రహీమ్ సాబ్

వికారాబాద్‌లోనో తాండూరులోనో పొద్దున బండెక్కితే మధ్యాహ్నం లోపే హైదరాబాద్‌లో దిగుతాం. అంత దగ్గర్లోనే ఉండి, బడిపిల్లలకు ఆటలు నేర్పుతూ, దేశానికి రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిపెట్టిన ఒక ఉపాధ్యాయుడి పేరు తెలియకుండానే మనలో చాలామందిమి పెరిగాం. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక మన పిల్లలు అడిగితే గానీ గుర్తు రాలేదు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లందరికీ రహీమ్ సాబ్.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయే దాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఆయన గొప్పతనమంతా పిల్లలకు ఆట నేర్పిన తీరులోనే ఉంది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఒక టోర్నమెంట్ పెట్టేవారు. బంతి వచ్చీ రాగానే తోటివాడికి అందించాల్సిందే. ఇంకో టోర్నమెంట్‌లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. చూసేవాళ్లకు వింతగా ఉండేది గానీ, మొదటి దానిలో పిల్లవాడు తల ఎత్తి తోటివాళ్లను చూడడం నేర్చుకుంటాడు. రెండో దానిలో వాడి లోపమే వాడికి బలమవుతుంది.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది మొదలుకొని 1954 దాకా వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది.

మరుసటి ఏడే పెద్ద దెబ్బ తగిలింది. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. రహీమ్ ఆ ఓటమిని పాఠంగా తీసుకున్నారు. ఐరోపా జట్ల ఆటను శ్రద్ధగా గమనించి మన ఆటను మార్చారు. నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌లు ఉండే పద్ధతిలోకి భారత జట్టును నడిపించింది ఆయనే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అక్కడి దాకా వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, మిడ్‌ఫీల్డ్‌లో నూర్ మహమ్మద్, వెనుక అజీజ్ ఉన్నారు. అందరూ మన గడ్డ మీద ఆట నేర్చినవాళ్లే.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ సాబ్‌కు క్యాన్సర్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడంపై భారత ప్రతినిధి అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనవాళ్ల మీద కోపంగా ఉన్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. ఆటల మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని పక్కన పెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. 2-1తో బంగారు పతకం మనదైంది.

ఏడాది నిండకముందే, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టు మళ్లీ బంగారు పతకం గెలవలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్‌లో ఆడనూ లేదు. రోమ్ జట్టులో ఉన్న ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీమ్ ఆ తర్వాత రిఫరీగా, కోచ్‌గా ఆటకు సేవ చేసి 2021లో మరణించారు.

స్వర్ణోత్సవం సందర్భంగా బడికి ఏం చేద్దామని మనం మాట్లాడుకుంటున్నాం. ఇంజనీరును కాబట్టి ఖాళీ జాగా కనిపిస్తే దాని మీద గదులు గీయడం నాకు అలవాటు. మైదానం ఒక మూలన కొత్త భవనం కడదామని మొదట అన్నవాణ్ని కూడా నేనే. రహీమ్ సాబ్ జీవితం చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కావాలంటే ఉన్న గదుల మీద ఇంకో అంతస్తు వేసుకుందాం. మైదానాన్ని మాత్రం పిల్లలకే వదిలేద్దాం. వాళ్లకు నాలుగు బంతులు, ఓపిక ఉన్న ఒక పీఈటీ సారు ఉంటే చాలు.