మూడోసారి పాసైన భీమవరం కుర్రాడు

మీరు మార్కాపురంలోనో, గిద్దలూరులోనో సర్కారు బడిలో చదివి ఉంటే వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర గుర్తుండే ఉంటుంది. ఇంట్లో అక్కో వదినో గర్భవతిగా ఉన్నప్పుడు ఆశా కార్యకర్త తెచ్చిచ్చిన ఎర్ర మాత్రలూ చూసే ఉంటారు. వాటిలో ఐరన్‌తో పాటు ఉండేది ఫోలిక్ యాసిడ్. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగువాడే, యల్లాప్రగడ సుబ్బారావు. బ్యాక్‌లాగ్ మిగిలిందనో, ఇంకో నోటిఫికేషన్ చేజారిందనో దిగులుగా ఉంటే ఆయన కథ ఒకసారి చదవండి.

పరీక్ష పోయింది.. డిగ్రీ తగ్గింది

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి త్వరగా పోయారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. చదువు కోసం తల్లి నగలు అమ్మాల్సి వచ్చింది. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఈలోపు స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని పొట్టనబెట్టుకుంది.

ఆదుకున్నది నేర్చిన పనే

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. ఆ డిగ్రీతో అక్కడ డాక్టరుగా కుదురుకునే వీల్లేదు. హార్వర్డ్‌లో చదువుకుంటూ రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్‌లు తీశారు. పగలు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పని నేర్చుకున్నారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ కొలతే ఆధారంగా కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ గుర్తించారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

అంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. ఆయన పేరు నిలబెట్టిన మందులు వచ్చింది అక్కడినుంచే. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అన్నదమ్ముల్ని బలితీసుకున్న స్ప్రూకి అది మందైంది. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే రసాయనాలూ అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇస్తే, అప్పటిదాకా ఆశ లేని జబ్బు కొన్నాళ్లైనా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే కోవలోని మెథోట్రెక్సేట్‌ను నేటికీ లుకేమియా పిల్లలకు వాడుతున్నారు. క్యాన్సర్ మెదడుకు పాకకుండా వెన్నులోకీ ఎక్కిస్తారు.

ఆయన చూడని ఫలితం

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లిన మనిషి మళ్లీ స్వదేశం చూడలేదు. నోబెల్ రాలేదు. ఇది కూడా ఆయన కథలో భాగమే, మీరు తెలుసుకోవాలి.

ఆయన పోయిన 43 ఏళ్లకు, 1991లో, బ్రిటన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. వెన్ను, మెదడు సరిగా మూసుకోని బిడ్డను ఒకసారి కన్న తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరిగే ముప్పు 70 శాతానికి పైగా తగ్గింది. బిడ్డ వెన్ను మూసుకునేది గర్భం మొదలైన తొలి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిందనే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే మాత్ర మొదలుపెట్టమంటారు డాక్టర్లు. ఈ సంగతి ఇంట్లో పెళ్లైన అక్కాచెల్లెళ్లకు చెప్పండి.

మీకు పనికొచ్చేది ఇదీ

కష్టపడితే అన్నీ దొరుకుతాయని సుబ్బారావు జీవితం చెప్పదు. ఆయనకు డిగ్రీ తగ్గింది, పోస్టు దక్కలేదు. కానీ కొలవడం అనే ఒక్క పనిలో ఆయన చేయి తిరిగింది. ఆ పని అవసరమైన చోటల్లా ఆయన అవసరం పడింది. మీరు బీఎస్సీ, బీఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ ఏ కోర్సులో ఉన్నా ప్రాక్టికల్స్‌ను రికార్డు రాసుకోవడానికే పరిమితం చేయకండి. ఒక పరీక్షను తప్పు లేకుండా, ఎవరి సాయం లేకుండా చేయడం నేర్చుకోండి. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, ఫార్మసీ వాళ్లకైతే జీప్యాట్ ఉన్నాయి. మొదటిసారి పోయిందా? మళ్లీ రాయండి. భీమవరం కుర్రాడికి మెట్రిక్ మూడోసారికి గానీ రాలేదు.